271వ పేజీ

అమీర్‌పేట,
8 జూలై 2025

అత్తయ్యా,

నీకు చెవులు సరిగ్గా వినపడటం మానేసి రెండేళ్లయింది, నాకు ఉత్తరాలు రాయడం అలవాటై కూడా రెండేళ్లయింది. కవరుకు స్టాంపు అంటిస్తుంటే మా హాస్టల్లో పక్కమంచం పిల్ల ఫొటో తీసుకుంది. తను జావా నేర్చుకుంటోంది. ఉత్తరం అనేదాన్ని ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదటిసారట.

నా ఉద్యోగం ఏమిటో నాన్నకి ఇప్పటికీ అర్థం కాలేదు. నీకు తెలిసిందే, అయినా ఇంకోసారి చెబుతాను. పంజాగుట్టలో చీరల కొట్టు పైన, మూడో అంతస్తులో మా వైద్య పత్రిక ఆఫీసు. డాక్టర్లు రాసిన ప్రతి వ్యాసం చివరా ఒక జాబితా ఉంటుంది కదా, ఫలానా సంగతి ఫలానావారు ఫలానా పత్రికలో ఫలానా పేజీలో తేల్చారని. ఆ రిఫరెన్సులన్నీ నిజంగా ఉన్నాయా, అంకెలు సరిపోయాయా అని చూడటమే నా పని.

ఆగస్టు సంచికకి ఒక పెద్ద వ్యాసం వచ్చింది. రాసింది డాక్టర్ రఘురామ్ గారు, ఇక్కడే ఒక పెద్దాస్పత్రిలో పిల్లల వైద్యుడు. పసిపిల్లల మూర్ఛలకి పూర్వం వాడిన ఒక మందు, ఖరీదైన కొత్తవి వచ్చాక మూలన పడింది. చిన్న ఊళ్లలో దాన్ని మళ్లీ వాడొచ్చని, రెండు నెలల లోపు పిల్లలకి కూడా భయం లేదని ఆయన రాశారు. ఆ చివరి మాటకి ఆధారం ఒకే ఒక్క రిఫరెన్సు. జానకీదేవి, 1976, మద్రాసు నుంచి వచ్చే ఒక పత్రిక, పేజీలు 217 నుంచి 278.

నేను దాన్ని దాటేసేదాన్నే. మా సాయిలన్న ఆపాడు. ఆయన మా దగ్గర పేజీలు కూర్చే మనిషి. పాతికేళ్లుగా చేస్తున్నాడు, వైద్యం ఒక్క ముక్క తెలియదు.

"గిదేందమ్మా, రెండొందల పదిహేడు నుంచి రెండొందల డెబ్భై ఎనిమిది దాకనా? అరవై రెండు పేజీలా? గా కాలంల కాగితానికే కరువుండె. గింత పొడుగు వ్యాసం ఎవడు అచ్చేస్తడు? జర సూడు" అన్నాడు.

చూద్దామంటే ఆ పత్రిక ఎప్పుడో ఆగిపోయింది. కంప్యూటర్లో ఎక్కడా లేదు. అత్తయ్యా, ఈ జానకీదేవి గారు నువ్వు చెబుతుండే మీ ప్రొఫెసరేనా? ఆవిడ పేరు మీద పెద్ద తప్పేదో జరిగిందనిపిస్తోంది. కాస్త కనుక్కుని రాయి.

నీ సుమ


తెనాలి,
12 జూలై 2025

సుమా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివాక కాఫీ తాగబుద్ధి కాలేదు.

అవును, ఆవిడే. నేను 1980లో మెడికల్ కాలేజీ లైబ్రరీలో చేరేనాటికి ఆవిడ ప్రొఫెసరు. అంతకు ముందు ఒక చిన్న పిల్లల ఆస్పత్రిలో పనిచేసేవారు, అది మూతపడి చాలాకాలమైంది. రోజూ నాలుగింటికి వార్డు ముగించుకుని లైబ్రరీకి వచ్చేవారు. వచ్చాక ఆరు దాకా తల ఎత్తేవారు కాదు. తీసుకెళ్లిన పుస్తకం తిరిగిచ్చేటప్పుడు అందులో ఒక చీటీ ఉండేది: "నూట నాలుగో పేజీలో అచ్చుతప్పు ఉంది, తర్వాత చదివేవారికి చెప్పండి హైమవతిగారూ." ఇరవై మూడేళ్ల పిల్లని నేను, నన్ను గారు అన్న మొదటి మనిషి ఆవిడ.

అలాంటి మనిషి తప్పు రాశారంటావా? అరవై రెండు పేజీలనేది మీ సాయిలన్న లెక్క. ఆయనకి ఆవిడ తెలియదు. నీకు తెలుసు, నేను చెప్పగా చిన్నప్పటి నుంచీ విన్నావు.

ఆవిడకి ఎనభై ఎనిమిదేళ్లిప్పుడు. మా వీధికి రెండు వీధుల అవతల చెల్లెలి కూతురి ఇంట్లో ఉంటున్నారు. చూపు దాదాపు పోయింది. ఈ మాట ఆవిడ దాకా వెళ్లకుండా చూడటం నా బాధ్యత. తప్పు వెతకాలంటే మీ రఘురామ్ గారి దగ్గర వెతుక్కో.

మీ మామయ్య నిన్ను అడిగారు.

హైమవతి


అమీర్‌పేట,
14 జూలై 2025

అత్తయ్యా,

నీ జవాబు ఇంకా అందలేదు, కానీ ఆగలేక రాస్తున్నాను.

రఘురామ్ గారికి ప్రశ్న పంపాం, ఈ పేజీ అంకెలు ఒకసారి సరిచూడమని. సాయంత్రానికే జవాబు వచ్చింది: "ఇది అందరికీ తెలిసిన రిఫరెన్సు. అలాగే ఉంచండి." నేను మళ్లీ అడిగాను, మూల వ్యాసం ప్రతి ఏమైనా ఉందా అని. దానికి జవాబు లేదు.

మా ఎడిటరు మధులత గారు మంచావిడే, కానీ సంచిక ప్రెస్సుకి వెళ్లాలి. "చూడు సుమశ్రీ, ఒరిజినల్ దొరికితే సరే. దొరక్కపోతే జానకీదేవి పేరు తీసేద్దాం, ఆ వాక్యం కింద ఇంకెవరినైనా పెట్టమని ఆయన్నే అడుగుదాం. అదే సులువు. ఆగస్టు అయిదు దాకా టైము" అన్నారు.

మీ కాలేజీలో ఆ పత్రిక 1976 సంపుటి ఉంటుందా? నువ్వు అడిగితే కాదనరు కదా.

ఇక్కడ వానలు. నిన్న జంక్షన్ దగ్గర నీళ్లు నిలిచి, మెట్రో దిగినవాళ్లం దిగినట్టే మెట్ల మీద గంటసేపు నిలబడ్డాం.

సుమ


తెనాలి,
18 జూలై 2025

సుమశ్రీకి,

పేరు తీసేస్తారా? ముందు తప్పన్నారు, ఇప్పుడు పేరే లేకుండా చేస్తామంటున్నారు. అది సులువుట!

ఆ సంపుటి కోసం నన్ను అడగకు. ఆవిడ పేరు తుడిచేయడానికి నా చేత్తో సాయం చేయలేను. నువ్వు చేసే ఉద్యోగం గొప్పదని నేను పదిమందితో చెప్పుకున్నాను. ఇకమీదట చెప్పను.

అత్తయ్య


అమీర్‌పేట,
22 జూలై 2025

అత్తయ్యా,

నీ రెండు ఉత్తరాలూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. రెండోదాని మీద "సుమశ్రీకి" అని చూసి మెస్సులో అన్నం ముందు నుంచి లేచిపోయాను. నువ్వు నన్ను అలా ఎప్పుడూ పిలవలేదు.

తప్పంతా నేను రాసిన తీరులోనే ఉంది. "ఆవిడ పేరు మీద తప్పు జరిగింది" అన్నానే కానీ ఆవిడ తప్పు చేశారని కాదు. నేను ఆవిడ్ని తుడిచేయడానికి వెతకడం లేదు. అసలు ఆవిడ ఏం రాశారో ఎవరూ చూడలేదని నా అనుమానం. ఎందుకంటే విను.

ఈ వారం రోజులూ జానకీదేవి గారి వ్యాసాన్ని ఉదహరించిన వ్యాసాలన్నీ వెతికాను. ముప్పై ఎనిమిది దొరికాయి. బ్రెజిల్, టర్కీ, జపాన్, లక్నో. ఎక్కడో తెనాలి పక్కన వార్డులో కూర్చుని రాసిన మనిషి పేరు ఇన్ని దేశాలు తిరిగిందని చూసి ఆ ఊళ్లన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. తర్వాత పేజీ నంబర్లు చూశాను. ముప్పై ఆరింటిలో 217 నుంచి 278. ముప్పై ఆరు చోట్లా అదే అంకె అత్తయ్యా! అంత పొడుగు వ్యాసం ఉండదని సాయిలన్నకి తట్టింది, ఇంతమంది పెద్ద డాక్టర్లకి తట్టలేదు. వాటిలో అన్నిటికంటే పాతది 1991లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష. అక్కడ ఎవరి చేతిలోనో అంకె తారుమారైంది. తర్వాతి వాళ్లంతా ఆ సమీక్షలోంచి ఎత్తి రాసుకున్నారు, ఒకరిని చూసి ఒకరు. పుస్తకం తెరిచినవాడెవడూ ఆ అంకె వేయడు. అందరూ "రెండు నెలల లోపు పిల్లలకి క్షేమం" అనే రాశారు.

మిగిలిన రెండింటిలో 271 అని ఉంది. ఒకటి బరంపురం డాక్టరుది, ఇంకొకటి పెరూ దేశంలో ఎవరిదో. ఇద్దరూ ఒకరికొకరు తెలిసే అవకాశమే లేదు. ఆ రెండింటిలోనూ ఏముందో తెలుసా? "రెండు నెలలు నిండని పిల్లలకి వద్దని జానకీదేవి హెచ్చరించారు."

వద్దని!

ఇది నిజమైతే ఆవిడ వద్దన్న పనికి ఆవిడనే సాక్ష్యంగా నిలబెడుతున్నారు. రేపు మా పత్రిక చూసి ఏ చిన్న ఊళ్లోనో ఒక డాక్టరు నెల పిల్లకి ఆ మందు ఎక్కిస్తే? నేను రఘురామ్ గారికి ఈ రెండింటి సంగతీ రాశాను. "ముప్పై ఆరు ఒకవైపు, రెండు ఒకవైపు" అని జవాబిచ్చారు. అసలు వ్యాసం చేతిలో లేకుండా నేనేం మాట్లాడను?

కోపం పోకపోయినా సరే, ఆ సంపుటి ఒక్కటి చూడు. ఆవిడ కోసం.

నీ సుమ


అమీర్‌పేట,
1 ఆగస్టు 2025

అత్తయ్యా,

పది రోజులైంది, నీ నుంచి ఒక్క ముక్క లేదు. నాన్నకి ఫోన్ చేస్తే "అక్కయ్య రోజూ పొద్దున్నే ఎక్కడికో వెళ్తోందట, బావగారు అడిగితే చెప్పడం లేదట" అన్నాడు. నా మీద కోపంతో గుళ్లచుట్టూ తిరుగుతున్నావేమోనని నాన్న ఊహ.

మధులత గారిని ఇంకో నాలుగు రోజులు అడిగాను. ఆవిడ నా ముఖం చూసి తొమ్మిదో తేదీ వేశారు. ఈ ఒక్క వాక్యం కోసం సంచికంతా ఆగిందని ఆఫీసులో నన్ను వింతగా చూస్తున్నారు. సాయిలన్న మాత్రం పొద్దున టీ తెచ్చిపెట్టి, "ఫికర్ జెయ్యకమ్మా. నంబర్ తప్పయితే తప్పే. మనం ఇడిసిపెడితే ఇంకెవరు పడ్తరు?" అన్నాడు.

నువ్వు నన్ను క్షమించకపోయినా నేను రాస్తూనే ఉంటాను.

సుమ


తెనాలి,
4 ఆగస్టు 2025

నా బంగారు సుమా,

ఉత్తరం రాయడానికి నాకు టైము లేకపోయింది తల్లీ. మీ నాన్నకి చెప్పు, ఏ గుడికీ వెళ్లలేదు, కాలేజీ స్టోరుకి వెళ్లాను. ఏడు రోజులు వెళ్లాను.

నీ ఇరవై రెండో తేదీ ఉత్తరం వచ్చిన మర్నాడే రైలెక్కాను. నేను రిటైరై ఎనిమిదేళ్లయింది కదా, లైబ్రరీ అంతా కంప్యూటర్లు. పాత పత్రికలు స్టోరులో పేర్చారు, వరస లేదు. తాళం ఇచ్చిన అమ్మాయి నా వయసు చూసి స్టూలు కూడా తెచ్చింది. బైండు చేసిన సంపుటాలు మూడు నిలువుల ఎత్తు. ఒక్కొక్కటే దించి, దులిపి, వీపు మీద అక్షరాలు చదివి, మళ్లీ సర్ది. దించినవి వరసలో పెట్టకుండా రావడం నాకు చేతకాలేదు. అందుకే అన్ని రోజులు.

మొన్న శనివారం మధ్యాహ్నం 1976 దొరికింది. బైండింగు మీద నంబరు నా చేతిరాతే.

ముందు 217వ పేజీ తీశాను. అక్కడ ఏముందనుకున్నావు? పంటి నొప్పి మీద ఎవరిదో వ్యాసం. ముప్పై ఆరు మందిలో ఒక్కరు తెరిచినా ఆ పంటినొప్పి దగ్గర ఆగిపోయేవారు.

తర్వాత 271 తీశాను. నిలబడే చదివాను. సగం దాకా వచ్చాక స్టూలు వెతుక్కుని కూర్చున్నాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నీ కోసం తెలుగులో రాస్తున్నాను. ఒక్క మాట కలపలేదు, ఒక్కటి తీయలేదు.

"ఈ మందు ఇరవై ముగ్గురు పిల్లలకు ఇచ్చాం. రెండు నెలలు దాటిన ఇరవై ఇద్దరూ కోలుకున్నారు. పదిహేడో బిడ్డ వయసు నలభై ఒక్క రోజులు. మందు ఇచ్చిన ఆరు గంటలకు ఊపిరి ఆగింది. ఈ మరణానికి జబ్బు కారణం కాదు, మేం ఇచ్చిన మందే కారణమని మా నమ్మకం. రెండు నెలలు నిండని పిల్లలకు దీన్ని ఇవ్వకూడదు. ఈ సంగతి అచ్చువేయడానికి బిడ్డ తల్లి ఒప్పుకుంది. ఆమెకు నమస్కరిస్తున్నాం."

సుమా, నేను ముప్పై ఆరేళ్లు పుస్తకాల మధ్య బతికాను. ఇలాంటి వాక్యం ఇంకెక్కడా చూడలేదు. బిడ్డ మా వల్లే పోయిందని తన పేరు కింద తానే అచ్చువేసుకున్నారు. ఎవరూ అడగలేదు. రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఇంకో బిడ్డ పోకూడదని రాశారు. ఆ మాటనే తిరగేసి లోకమంతా తిప్పారు. ఆవిడ రోజూ మా లైబ్రరీలో నా ఎదుటే కూర్చునేవారు, ఈ సంపుటి ఆవిడ వెనక బీరువాలోనే ఉండేది. ఒక్కనాడూ నేను తెరిచి చూడలేదు. నిన్ను కోప్పడ్డానే, నేను మాత్రం చదివానా? చదవకుండానే ఆవిడ్ని వెనకేసుకొచ్చాను.

ఫోన్లో ఫొటో తీసి పంపుతానని మీ మామయ్య అన్నారు. వద్దన్నాను. ఎనిమిది పేజీలూ పెద్ద సైజులో జిరాక్సు తీయించి, ప్రతి అంకె పుస్తకంతో సరిచూసి స్పీడ్‌పోస్టులో పంపుతున్నాను. పత్రిక అట్ట, తేదీ ఉన్న పేజీ కూడా పెట్టాను, ఎవరూ కాదనకుండా.

వెళ్లి చూపించు. నీ ఉద్యోగం గురించి పదిమందికీ మళ్లీ చెప్పడం మొదలుపెట్టాను.

నీ అత్తయ్య


అమీర్‌పేట,
9 ఆగస్టు 2025

అత్తయ్యా,

నీ కవరు గురువారం ఆఫీసుకే వచ్చింది. మధులత గారు, నేను, సాయిలన్న, ముగ్గురం ఒకే బల్ల దగ్గర నిలబడి చదివాం. సాయిలన్నకి నేను తెలుగులో చెబుతూ పోయాను. పదిహేడో బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆయన చెప్పుల్లోంచి కాళ్లు బయటికి తీసి నిలబడ్డాడు. ఎందుకో నేను అడగలేదు.

మెయిల్ చేస్తే మళ్లీ రెండు ముక్కల జవాబొస్తుందని భయమేసి, నిన్న నేనే ఆస్పత్రికి వెళ్లాను. మా ఆఫీసు నుంచి ఫ్లైఓవర్ కింద రోడ్డు దాటితే పది నిమిషాలు. రఘురామ్ గారు పిల్లల వార్డులో రౌండ్సులో ఉన్నారు. చుట్టూ ఆరుగురు చిన్న డాక్టర్లు. నన్ను చూసి, "పత్రిక నుంచా? ఆ రిఫరెన్సు గురించే కదా, చెప్పాను కదమ్మా" అన్నారు, విసుగు దాచుకుంటూ.

జిరాక్సు చేతికిచ్చాను.

మొదట నిలబడే పేజీలు తిప్పారు. నాలుగో పేజీ దగ్గర ఆయన వేలు ఆగింది. మళ్లీ మొదటికి వెళ్లి అక్కడి నుంచి చదివారు. కళ్లద్దాలు తీసి, పక్కన పిల్లల తల్లులు కూర్చునే ఇనప కుర్చీ మీద కూర్చున్నారు. వార్డులో ఎవరిదో బిడ్డ ఏడుస్తోంది. నేను కోప్పడతారని సిద్ధమయ్యాను అత్తయ్యా. వెనక్కి తగ్గనని మెట్లెక్కుతూ పదిసార్లు అనుకున్నాను.

ఆయన తలెత్తి, "ఇది నేను చదవలేదమ్మా" అన్నారు. "ముప్పై ఏళ్లుగా ఈ పేరు క్లాసులో చెబుతున్నాను. ఒక్కసారి కూడా తీసి చదవలేదు."

అక్కడే, ఆ చిన్న డాక్టర్లందరి ముందూ అన్నారు. తర్వాత ఒకమ్మాయికి, ధాత్రి అని పేరు, కాగితం ఇచ్చి ఆ పేరా పైకి చదవమన్నారు. చదవడం అయ్యాక ఒకబ్బాయి, "సార్, మా గైడ్‌బుక్‌లో కూడా రెండు నెలల లోపు పిల్లలకి ఇవ్వొచ్చనే ఉంది" అన్నాడు మెల్లగా.

"ఉంటుంది. అది రాసినవాడు నా క్లాసులో కూర్చుని ఉంటాడు" అన్నారు ఆయన.

రెండు నెలలు నిండని పిల్లకి తాను ఎప్పుడూ ఆ మందు ఇవ్వలేదట. కొత్తవి అందుబాటులో ఉండటం వల్ల అవసరం రాలేదు. "అది నా గొప్ప కాదు, అదృష్టం" అన్నారు. ఆ వాక్యం కొట్టేసి, వద్దని రాసి, కింద తన చేత్తో ఒక గమనిక రాసిచ్చారు: ఇన్నాళ్లూ మూల వ్యాసం చదవకుండా తానూ తప్పుగా బోధించానని, ఇంకా ముప్పై ఆరు చోట్ల ఈ తప్పు ఉందని. సరిచేసిన వ్యాసం ఈ సంచికలో వస్తుంది, ఆ గమనిక, జాబితా మొత్తం వచ్చే సంచికలో అచ్చువేస్తున్నాం. ఆ పత్రికలన్నిటికీ మధులత గారు ఉత్తరాలు రాయిస్తున్నారు.

వచ్చేటప్పుడు వరండా దాకా నాతో వచ్చి అడిగారు.

"దీన్ని వెతికిందెవరు?"

"మా మేనత్త. లైబ్రేరియన్‌గా చేసింది."

"ఎన్ని రోజులు పట్టింది?"

"ఏడు."

"జానకీదేవి గారు బతికే ఉన్నారా?" అన్నారు ఆయన. ఉన్నారన్నాను. గోడకి చెయ్యి ఆనించి నిలబడిపోయారు. నీ చిరునామా అడిగితే ఇచ్చాను. తప్పు చేశానేమో, నిన్ను అడగలేదు.

ఇన్నాళ్లూ నేను చూసేవి పేర్లూ అంకెలే అనుకున్నాను. ఇవాళ మా బల్ల మీద ఇంకో వ్యాసం ఉంది, నూట పన్నెండు రిఫరెన్సులు. ఒక్కోదాని వెనక ఏ వార్డు ఉందో, ఏ తల్లి ఒప్పుకుందోనని తలుచుకుంటే పెన్ను నెమ్మదిగా కదులుతోంది.

నీ సుమ


తెనాలి,
26 ఆగస్టు 2025

సుమా,

రేపు వినాయక చవితి. పత్రి ఇంకా తేలేదు, అయినా ముందు నీకు రాయాలని కూర్చున్నాను.

మొన్న ఆదివారం మీ రఘురామ్ గారు వచ్చారు. ముందుగా కార్డు రాశారు, నేను వెళ్లి జానకీదేవి గారిని అడిగి, ఆయన్ని రమ్మని రాశాను. ఆయన వెంట ఆ ధాత్రి అనే డాక్టరమ్మాయి కూడా వచ్చింది. నాకు వినపడదని తెలిసి, నా పక్కన కూర్చుని, ఎవరేమంటే అది నోటుపుస్తకంలో రాసి చూపిస్తూ పోయింది. అందుకే నీకు మాటలన్నీ ఉన్నవున్నట్టు రాయగలుగుతున్నాను. ఆ పుస్తకం నా దగ్గరే వదిలిపెట్టింది.

ఆవిడ వరండాలో పడకకుర్చీలో ఉన్నారు. చాలా చిన్నగా అయిపోయారు సుమా. కళ్లు మన వైపు ఉంటాయి కానీ చూడవు. ఆయన తానెవరో చెప్పి, జరిగిందంతా చెప్పారు, దాచకుండా. తన తప్పు దగ్గర గొంతు తగ్గిందని ధాత్రి పక్కన చిన్నగా రాసింది.

ఆవిడ విని కోప్పడలేదు, ఆశ్చర్యపోలేదు. "ఆ బిడ్డ పేరు మరియమ్మ" అన్నారు. "వాళ్లమ్మ పొగాకు కంపెనీలో పనికెళ్లేది. అచ్చువేస్తే నా ఉద్యోగం పోతుందని ఆస్పత్రిలో పెద్దవాళ్లన్నారు. పత్రికవాళ్లు ఆ పేరా తీసేయమని రెండుసార్లు తిప్పి పంపారు. నేనూ తీసేద్దామనే అనుకున్నాను. చివరిసారి ఆ తల్లి దగ్గరికి వెళ్లాను. 'నా బిడ్డ పోయిన సంగతి రాయండమ్మా, లేకపోతే అది ఎందుకు పుట్టినట్టు?' అంది. మూడోసారి అలాగే పంపాను."

మీ మామయ్య లేచి గుమ్మం దాకా వెళ్లి వచ్చారు.

కాసేపటికి ఆవిడ, "తెచ్చారా? ఒకసారి చదవండి, నేను చూసి ఎన్నేళ్లయిందో" అన్నారు. రఘురామ్ గారు చదివారు. అంత పెద్ద డాక్టరు, బడిపిల్లాడిలా వీపు నిటారుగా పెట్టి, పట్టికలతో సహా చదివారు. ఎనిమిదో పేజీ మధ్యలో వ్యాసం అయిపోయింది. ఆయన కాగితాలు మడవబోతుంటే ఆవిడ చెయ్యి ఎత్తారు.

"రిఫరెన్సులు కూడా చదవండి. వాళ్ల మాట మీదే కదా నేను నిలబడ్డాను."

పద్నాలుగు ఉన్నాయి. ఒక్కొక్కటే చదివారు, పేరు, పత్రిక, ఏడు, పేజీ. ఆవిడ ఒక్కోదానికీ తల ఊపుతున్నారు. కొన్నిటికి ఏదో గుర్తొచ్చి నవ్వారు. "ఈయన మద్రాసులో మా మేష్టారు" అన్నారు ఒకదానికి. అన్నీ ఆవిడకి తెలుసు సుమా, యాభై ఏళ్ల తర్వాత, చూపు లేకుండా.

తొమ్మిదోది చదవగానే తల ఊపడం ఆగిపోయింది.

"అది నేను చూడలేదు" అన్నారు. "మా ఆస్పత్రికి ఆ పత్రిక వచ్చేది కాదు. వేరేవాళ్ల వ్యాసం చివర చూసి ఎత్తి రాసుకున్నాను. పంపేశాక మనసొప్పలేదు, తీయడానికి వీలు లేకపోయింది. అందులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. మీరు గమనిక రాస్తున్నారు కదా, ఇది కూడా రాయండి."

ధాత్రి ఇది రాస్తూ రాస్తూ పెన్ను ఆపేసింది. నేను ఆ అమ్మాయి ముఖం చూసి, తర్వాత రఘురామ్ గారి ముఖం చూశాను. ఆయన లేచి నిలబడి ఉన్నారు. ఎందుకు నిలబడ్డారో ఆయనకే తెలిసినట్టు లేదు.

తొమ్మిదో రిఫరెన్సు వివరాలు వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. ఆ పత్రిక మా స్టోరులో లేదు. వెతకడం ఇక నీ వంతు.

అత్తయ్య


అమీర్‌పేట,
6 సెప్టెంబరు 2025

అత్తయ్యా,

తొమ్మిదోది దొరికింది.

మధులత గారు తనకి తెలిసిన ఢిల్లీ లైబ్రేరియన్‌కి రాశారు. 1968 సంపుటి, వాళ్ల దగ్గర ఉంది. నిన్న ప్రతి వచ్చింది. ఈసారి నేను ఒక్కదాన్నే కూర్చుని చదివాను. ముందు జానకీదేవి గారి వాక్యం పక్కన పెట్టుకుని, తర్వాత దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివాను.

ఆవిడ రాసినట్టే ఉంది. అర్థం సరిగ్గా ఉంది, ఏడు సరిగ్గా ఉంది, పేజీ సరిగ్గా ఉంది. రచయిత ఇంటిపేరు అక్షరం మాత్రం కె అని పడింది, ఆర్ అని ఉండాలి. అంతే.

ఆవిడ చెప్పినట్టే రఘురామ్ గారు తన గమనికలో తొమ్మిదో రిఫరెన్సు సంగతి చేర్చారు. కింద నేను సరిచూసిన వివరం వేస్తున్నాం. సాయిలన్న ఆ పేజీ మూడుసార్లు కూర్చాడు. "అవ్వకు కండ్లు కనపడయి గని, ఎవరన్న సదివి చెప్తే వింటది గద" అని.

ఈ ఉత్తరం అందగానే, కాఫీ కూడా తాగకుండా, ఆవిడ దగ్గరికి వెళ్లు. ఆ వ్యాసం నేను మొత్తం చదివానని చెప్పు. ఇంక ఆ బెంగ పెట్టుకోవద్దని చెప్పు. అక్షరం సంగతి కూడా చెప్పెయ్యి, దాచకు. ఆవిడ ఎలాగూ అడుగుతారు.

సుమ